చేతులు ఖాళీగా ఉంచే మోకాలి కర్ర: అమర్చుకోవడం, నడక నేర్చుకోవడం

కాలు విరిగి మా ఆసుపత్రికి వచ్చేవారికి ఆపరేషన్ కంటే, సిమెంటు కట్టు కంటే భారంగా తోచేది డిశ్చార్జి రోజున డాక్టరు గారు చెప్పే ఒక్క మాట: "ఆరు వారాలు ఈ పాదం నేల మీద మోపకూడదు." వార్డులో ఉన్నంతకాలం ఆ మాట పాటించడం సులువే. పిలిస్తే పలికే నర్సు ఉంటుంది. ఇంటికి వెళ్ళాక సంగతి వేరు. పొయ్యి మీద పాలు పొంగుతుంటాయి, చంటిబిడ్డ ఏడుస్తుంటాడు, గేటు దగ్గర ఎవరో పిలుస్తుంటారు. రెండు చేతులూ చంక కర్రలకే సరిపోతే గ్లాసెడు మంచినీళ్ళు కూడా ఒక గదిలో నుండి మరొక గదికి తీసుకుపోలేరు. చివరికి "ఒక్క అడుగే కదా" అని పాదం మోపేస్తారు. లోపల వేసిన ప్లేటు, స్క్రూలు కదిలిపోయి మళ్ళీ ఆపరేషన్ బల్ల ఎక్కినవారిని మేము చూశాం.

చంక కర్రలు మంచివే. వాటిని తీసిపారేయమని మేము చెప్పడం లేదు. అయితే చాలామంది బరువంతా అరచేతుల మీద వేయకుండా చంకల మీద వేసి వేలాడతారు. అలా రోజుల తరబడి చేస్తే చంకలో నరం నొక్కుకుపోయి మణికట్టు పైకి లేవకుండా వాలిపోయే ప్రమాదం ఉంది. కర్ర పైభాగానికి, చంకకు మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలని మేము ప్రతి పేషెంటుకూ చూపించి పంపిస్తాం. ఇంటికి వెళ్ళాక ఎంతమంది పాటిస్తారో ఆ దేవునికే తెలియాలి.

ఈ మధ్య కొందరు, ముఖ్యంగా అమెరికాలో పిల్లలున్న కుటుంబాలవారు, ఇంకొక రకం కర్ర గురించి అడుగుతున్నారు. దీనిని చేత్తో పట్టుకోనక్కరలేదు. మోకాలు మడిచి, ఒక చిన్న పీట మీద మోకరించినట్టు దీనిలో పెట్టాలి. దెబ్బ తగిలిన పాదం వెనుకకు చాపి గాలిలో ఉంటుంది. పైన తొడకు రెండు పట్టీలు, వెనుక పిక్కకు ఒక పట్టీ, కింద నేలకు ఆనే ఒక కడ్డీ, దానికి రబ్బరు అడుగు. అంటే మోకాలి నుండి కింది భాగం చేసే పనిని ఆ కడ్డీ చేస్తుంది. కెనడాలో ఒక రైతు తన కాలు విరిగినప్పుడు పొలం పని ఆగిపోకుండా చేసుకున్న దాని నుండి ఇది పుట్టింది. ఇప్పుడు ఐవాక్ అనే పేరుతో అమ్ముతున్నారు. ఆలోచన మాత్రం చాలా పాతది. 16వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు ఆంబ్రువాజ్ పారే బీదవారి కోసమని మోకాలు మడిచి పెట్టుకునే కొయ్యకాలు బొమ్మను తన గ్రంథంలో వేయించాడు.

మా దగ్గరకు ఇది వచ్చిన విధం చెప్పాలి. మన సంఘంలోని ఒక రిటైర్డు మాస్టారు గారికి కుడి అరికాలిలో షుగర్ పుండు పడింది. ఆ పాదం మోపవద్దన్నారని తెలిసి కుమారుడు అమెరికా నుండి దీనిని పంపించాడు. మాస్టారు పెట్టెతో సహా ఫిజియోథెరపీ గదికి వచ్చి, "బిగించండి సిస్టరమ్మా, ఆదివారానికి ఆరాధనకు నడిచి వెళ్ళాలి" అన్నారు. మేము ముందుగా ఆయన ఎడమ పాదం చూశాం. 10 గ్రాముల నైలాన్ దారంతో అరికాలిని తాకి, "తెలిసినప్పుడు చెప్పండి మాస్టారూ" అన్నాం. ఆయన కళ్ళు మూసుకుని ఎదురు చూస్తూనే ఉన్నారు. మేము ఆరు చోట్ల తాకాం. ఒక్కచోట కూడా ఆయనకు తెలియలేదు.

అటువంటి కాలికి ఈ కర్ర పనికిరాదని చెప్పినప్పుడు ఆయనకు కోపం వచ్చింది. "పుండు కుడి కాలికైతే ఎడమ కాలిని చూస్తారేమిటి? డబ్బు పోసి మా వాడు పంపాడు, మీకేమి అభ్యంతరం?" అన్నారు. ఈ ప్రశ్న చాలామంది అడగదగిందే. ఈ కర్రతో నడిచేటప్పుడు తడబడితే ఆపుకోవలసింది మంచి కాలే. ఆ కాలికి నేల తెలియకపోతే, రాయి తెలియకపోతే, మనిషి పడిపోతాడు. లేదా ఆ కాలికి కూడా పుండు పడుతుంది. అదీగాక కర్రలో పెట్టిన మోకాలి మీద, ముంగాలి మీద బరువు ఆని చర్మం ఒరుసుకుపోయినా తిమ్మిరెక్కిన కాలికి తెలియదు. మాస్టారు గారిని చక్రాల కుర్చీలోనే ఆరాధనకు తీసుకువెళ్ళారు. పుండు మానడానికి నెలలు పట్టింది గానీ ఎడమ పాదానికి కొత్త పుండు రాలేదు. కోపం చల్లారాక ఆయనే ఆ పెట్టెను మా ఆసుపత్రికి ఇచ్చివేశారు. ఇప్పుడు అవసరమైనవారికి మేము అరువు ఇస్తున్నది అదే.

కాబట్టి కొనే ముందు, లేదా పిల్లలకు ఫోను చేసి పంపమనే ముందు, ఇది ఎవరికో తెలుసుకోండి. దెబ్బ మోకాలికి కింద, అంటే పిక్క, చీలమండ, మడమ, పాదం వీటిలో ఉండాలి. మోకాలికి గానీ, తొడ ఎముకకు గానీ, తుంటికి గానీ దెబ్బ ఉంటే పనికిరాదు. మోకాలు నొప్పి లేకుండా లంబంగా మడవగలగాలి. కట్టు మోకాలి పైదాకా ఉంటే అసలు కుదరదు. దెబ్బ తగలకముందు మీరు రెయిలింగు పట్టుకోకుండా మెట్లు ఎక్కగలిగేవారా? ఒంటికాలి మీద కాసేపు నిలబడగలిగేవారా? లేదు అంటే ఇది మీకు కాదు, వాకరే మేలు. తల తిరిగేవారు, గర్భిణీ స్త్రీలు, కాలి సిరలో రక్తం గడ్డకట్టినవారు దీని జోలికి పోవద్దు. 125 కిలోల లోపు బరువు, 4 అడుగుల 10 అంగుళాలకు తగ్గని ఎత్తు ఉండాలని తయారీదారులు చెబుతారు. మన అమ్మమ్మలలో చాలామంది ఆ ఎత్తుకు రారు. వారికి కింది కడ్డీని ఎంత తగ్గించినా పొడవే అవుతుంది. ఏది ఏమైనా ఎముకల డాక్టరు గారు సరే అన్న తరువాతే.

ఇక అమర్చడం. ఒక టిఫిన్ బండి నడిపే సహోదరికి మేము దీనిని అమర్చిన రోజు ఆమె చీర కట్టుకుని వచ్చింది. చీర మీద తొడ పట్టీ నిలవదు, జారుతుంది. పైగా కుచ్చెళ్ళు కడ్డీ కింద పడితే ముందుకు తూలిపోతారు. మరునాడు పంజాబీ డ్రెస్సుతో రమ్మని పంపించాం. మగవారు లుంగీ మానుకుని నిక్కరు గానీ ప్యాంటు గానీ వేసుకోవాలి.

రెండవ సంగతి చెప్పు. మంచి కాలికి చెప్పు వేసుకుని నిటారుగా నిలబడితే, మడిచిన రెండవ మోకాలు నేలకు ఎంత ఎత్తులో ఉంటుందో కింది కడ్డీని అంత ఎత్తుకు సరిచేస్తాం. మన ఇళ్ళలో చెప్పులు వాకిట్లో విడిచి లోపలికి వెళ్ళడం అలవాటు. చెప్పు తీసేస్తే ఆ కాలు పొట్టిదవుతుంది, కర్ర పొడవవుతుంది, మనిషి ఒక పక్కకు ఒరుగుతాడు. అందుచేత మడమ వెనుక పట్టీ ఉన్న శుభ్రమైన చెప్పు ఒకటి ఇంట్లోకి వేరుగా పెట్టుకోవాలి. ఎత్తు కుదిరిందో లేదో చూడడానికి మేము వెనుక నిలబడి రెండు తుంటి ఎముకల మీద చేతులు వేసి చూస్తాం. రెండూ సమంగా ఉండాలి. పట్టీలు కూర్చుని బిగించినా, లేచి నిలబడ్డాక తొడ పట్టీలు మళ్ళీ ఒకసారి బిగించాలి. నిలబడితే అవి తప్పకుండా వదులవుతాయి. తొడ కదిలినప్పుడు కర్ర దానితోపాటే కదలాలి. ఆలస్యంగా వెంట వస్తున్నట్టు ఉంటే పట్టీ వదులుగా ఉన్నట్టే.

మొదటి పది నిమిషాలు అడుగు వేయనివ్వం. గోడకు ఆనించిన బల్ల పట్టుకుని నిలబడి, బరువు మంచి కాలి నుండి కర్ర మీదికి, మళ్ళీ మంచి కాలి మీదికి మార్చడమే పని. ఇదే అన్నిటికంటే కష్టం. కాలు విరిగినవారికి ఆ వైపు బరువు వేయాలంటే ప్రాణం ఒప్పదు. ఆ సహోదరి కూడా, "అమ్మో, ఇది విరిగిపోతుందేమో సిస్టర్ గారూ" అంటూ బల్ల వదలలేదు. బరువు వేయడానికి భయపడేవారు మంచి కాలితో గెంతుతారు. గెంతితే పడతారు. బరువు మోకాలి మీద పూర్తిగా ఆనినప్పుడే ఈ కర్ర నిలుస్తుంది.

తరువాత అడుగు. మేము ఇరుకు వరండాలో, రెండు వైపులా గోడ అందేలా నేర్పిస్తాం. నడుముకు గట్టి బట్ట బెల్టు కట్టి ఒక నర్సు దానిని వెనుక నుండి పట్టుకుని నడుస్తుంది. మెట్టు ఎక్కబోతున్నట్టు తొడను నేరుగా పైకి ఎత్తి, ముందుకు తెచ్చి, కడ్డీని నిలువుగా నేల మీద పెట్టాలి. పక్క నుండి తిప్పి తేకూడదు. పెట్టాక బరువు వేసి అప్పుడు మంచి కాలు ముందుకు వేయాలి. అడుగులు చిన్నవి, కాళ్ళ మధ్య కాస్త ఎడం, చూపు ఎదురుగా. నేల వైపు చూస్తే నడుము వంగి తూలతారు. శృంగారమను దేవాలయ ద్వారము దగ్గర కుంటివాడు దిగ్గున లేచి గంతులు వేసినట్టు మొదటి రోజే నడవాలని కొందరు ఆశపడతారు. మా అనుభవంలో, వరండా దాటి ధైర్యంగా నడవడానికి నాలుగైదు రోజుల సాధన కావాలి.

తిరిగేటప్పుడు జాగ్రత్త. వెనుకకు చాచి ఉన్న కాలు మీకు కనిపించదు. గబుక్కున తిరిగితే కట్టు వేసిన పాదం తలుపు చెక్కకో మంచం కోడుకో తగులుతుంది. పిల్లలున్న ఇంట్లో వారు పరుగెత్తుకుంటూ వచ్చి దానికి ఢీకొంటారు. గడప దగ్గర ఆగి, ద్వారబంధం పట్టుకుని దాటాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్ర ముందు. రెయిలింగు లేని మెట్ల మీద వద్దు. తడి బాత్రూములో, వాన పడిన వాకిట్లో, ఇసుకలో, రాత్రి నిద్రమత్తులో వాడకూడదు. ఆ వేళలకు వాకరు దగ్గర పెట్టుకోండి. స్నానం కుర్చీ మీద కూర్చునే చేయాలి. గుడిలో చాప మీద కూర్చోవద్దు, వెనుక కుర్చీలో కూర్చోండి. పాస్టరు గారు ఏమీ అనుకోరు.

టిఫిన్ బండి సహోదరి ఆరవ రోజుకు రెండు చేతులతో ఇడ్లీ ప్లేట్లు పట్టుకుని మా వరండా చివరి వరకు నడిచి చూపించింది. బండి దగ్గరకు వెళ్తానంటే వడ్డించడానికి, చట్నీ వేయడానికి సరే అన్నాం. మరిగే నూనె బాణలి దగ్గర నిలబడడం మాత్రం కట్టు విప్పే వరకు ఆమె మరిదికే అప్పగించమన్నాం. చేతులు ఖాళీ అయినంత మాత్రాన కాలు బాగుపడినట్టు కాదని ఆమె అత్తగారికి కూడా కూర్చోబెట్టి చెప్పవలసి వచ్చింది.

రోజంతా కట్టుకుని ఉండకండి. కూర్చున్నప్పుడల్లా పట్టీలు విప్పి, కాలు చాపి, దిండ్ల మీద గుండె కంటే ఎత్తుగా పెట్టుకోవాలి. మోకాలు గంటల తరబడి మడిచి ఉంచితే రక్తం కిందికి చేరి పాదం వాస్తుంది. విప్పిన ప్రతిసారీ మోకాలి చిప్ప, ముంగాలు, తొడ చర్మం చూసుకోండి. ఎర్రమచ్చ అరగంటకు కూడా పోకపోతే ఆ రోజుకు కర్ర మానేయాలి. పిక్కలో కొత్తగా నొప్పి, బిగువు, వాపు వచ్చినా, కాలివేళ్ళు చల్లబడి నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే ఆసుపత్రికి రండి. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే అర్ధరాత్రి అయినా ఆగవద్దు. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరితే అలాంటి లక్షణాలు కనిపిస్తాయి.

మా దగ్గర ఉన్నది ఒక్కటే, అడిగేవారు ఎక్కువ. ఎముకల డాక్టరు గారి చీటీతో ఫిజియోథెరపీ గదికి వచ్చి పేరు రాయించుకోండి. వచ్చేటప్పుడు వదులైన ప్యాంటు గానీ పంజాబీ డ్రెస్సు గానీ వేసుకుని, మంచి కాలికి ఇంట్లో వేసుకోబోయే చెప్పు, మీతో ఇంట్లో ఉండే మనిషి ఒకరిని తప్పక వెంట తెచ్చుకోండి. బెల్టు ఎలా పట్టుకోవాలో వారికి కూడా నేర్పాలి. వాడిన తరువాత పట్టీలను సబ్బునీళ్ళతో తుడిచి, నీడన ఆరబెట్టి, అదే పెట్టెలో తిరిగి ఇవ్వండి. కిందటిసారి రబ్బరు అడుగు లేకుండా తిరిగి వచ్చింది. అది ఎవరింట్లోనైనా మంచం కింద ఉంటే దయచేసి పంపించగలరు.