ఇంట్లో ఒక సంగీత భాండాగారం

రేడియోలో వచ్చే పాటను అది వచ్చిన వేళకే వినవలె. ఉదయం భక్తిరంజని అందుకోలేకపోయిన శ్రోత మరునాటి దాకా ఆగవలసిందే. ఆ కీర్తనే మరునాడు వస్తుందన్న హామీ లేదు. ఈ లోటు తీర్చడానికే గ్రామఫోను రికార్డులు, టేపులు, క్యాసెట్లు, సి.డి.లు ఒకదాని వెనుక ఒకటి మన ఇళ్లలో ప్రవేశించాయి. ఇప్పుడు చాలామంది వాటినన్నిటినీ అటక మీదికి చేర్చి, నెలకింత అని చందా కట్టి, ఎక్కడో దూరాన ఉన్న కంపెనీల నుంచి ఫోనులోకి పాటలు తెప్పించుకుంటున్నారు. అందులోని సౌకర్యాన్ని కాదనలేము. కాని ఆ పాటలు అద్దెవి. చందా ఆగిన నాడు అవీ ఆగుతాయి. కంపెనీకీ హక్కుదారునికీ మధ్య ఒప్పందం ముగిసినదంటే, నిన్న విన్న పాట నేడు జాబితాలో కనిపించదు.

అంతకంటె ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉన్నది. మీ నాయనగారు ఏ పండుగనాడో పాడగా క్యాసెట్టుకెక్కిన అధ్యాత్మ రామాయణ కీర్తన, మీ అమ్మమ్మగారి మంగళహారతి, మీ ఊరి శ్రీరామనవమి పందిట్లో జరిగిన హరికథ — ఇవి ప్రపంచంలోని ఏ కంపెనీ దగ్గరా లేవు. మీ అటక మీద మాత్రమే ఉన్నాయి. అక్కడైనా ఎంతకాలం ఉంటాయో చెప్పలేము. ఇటువంటివాటిని, మీరు కొనుక్కున్న సి.డి.లను ఒక్కచోట చేర్చి, ఇంట్లో ఎవరు ఎప్పుడు ఏది కోరితే అది వినిపించగల ఏర్పాటును చిన్న యంత్రంతో ఎట్లా చేసుకోవచ్చునో చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ఈ ఏర్పాటుకు సర్వర్ అని పేరు. వడ్డించేవాడని ఆ మాటకు అర్థం. రేడియో నిలయం అందరికీ ఒకే వేళ ఒకే వంటకం పెడుతుంది; సర్వర్ ఎవరి విస్తట్లో వారు అడిగినది వేస్తుంది. పెద్దవారు హాలులో కచేరీ వింటుండగా, కోడలు వంటింట్లో సినిమా పాట వినవచ్చు. మనుమడు మేడమీద తన ఇష్టమైనది పెట్టుకోవచ్చు. ఒకరి కోరిక మరొకరికి అడ్డు రాదు.

దీనికి పెద్ద కంప్యూటరు అక్కరలేదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పిల్లలకు కంప్యూటరు విద్య చౌకగా నేర్పవలెనన్న సంకల్పంతో తయారైన రాస్‌బెరీ పై అనే ఒంటి పలక కంప్యూటరు 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చింది. ఆనాటి దాని ధర 35 డాలర్లు. 85 మిల్లీమీటర్ల పొడవు, 56 మిల్లీమీటర్ల వెడల్పు. బ్యాంకు కార్డుకు కొంచెం అటూఇటూ. పిల్లల బడికోసం పుట్టిన ఈ వస్తువు పెద్దల ఇళ్లలో నూరు పనులకు ఒదిగిపోయింది. 2019లో నాలుగవ రకం, 2023లో అయిదవ రకం వచ్చాయి. పాటలు వడ్డించే పనికి నాలుగవ రకం చాలును. పాటను అడిగినవారికి అందించడం కంప్యూటరుకు చాలా తేలిక పని. పాటను అప్పటికప్పుడు వేరొక రూపంలోకి మార్చి పంపవలసి వస్తేనే అది కొంచెం శ్రమపడుతుంది. సగటున 5 వాట్లు ఖర్చవుతుందనుకుంటే, పగలూ రాత్రీ నడిచినా నెలకు 3.6 యూనిట్లు.

కరెంటు విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. నాలుగవ రకానికి 5 వోల్టుల వద్ద 3 ఆంపియర్లు, అయిదవ రకానికి 5 ఆంపియర్లు ఇవ్వగల అడాప్టరు ఉండవలె. ఇంట్లో పడి ఉన్న పాత ఫోను చార్జరు తగిలించి, యంత్రం మాటిమాటికీ ఆగిపోతున్నదని విసుగుకొనేవారు చాలామంది. యంత్రాన్ని నడిపించే వ్యవస్థ ఒక చిన్న మెమరీ కార్డులో ఉంటుంది. వ్రాస్తుండగా కరెంటు పోతే ఆ కార్డు చెడే ప్రమాదం ఉన్నది. మన ఊళ్లలో కరెంటు రాకపోకల సంగతి నేను చెప్పనక్కరలేదు. తగిన ఆంపియర్లు ఇవ్వగల చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకొంటే మేలు. పాటలను ఎన్నడూ ఆ కార్డులో ఉంచరాదు. వాటికి వేరే ఎస్‌ఎస్‌డి డిస్కు ఉండవలె. అప్పుడు కార్డు చెడినా కొత్తది వేసుకొని గంటలో మళ్లీ నడిపించుకోవచ్చు, పాటలు భద్రం.

ఇక వడ్డించే ప్రోగ్రాము. ఉచితంగా దొరికేవి అనేకం ఉన్నాయి. లైరియన్ అనేది 2000 దశకం మొదట్లో స్లిమ్ డివైసెస్ అనే అమెరికా సంస్థలో పుట్టింది. ఆ సంస్థను కొన్న లాజిటెక్ 2012లో ఆ సంగీత యంత్రాల తయారీ నిలిపివేసినా, ప్రోగ్రామును ఔత్సాహికులు బ్రతికించుకొని 2024లో ఈ కొత్త పేరు పెట్టుకొన్నారు. అన్ని గదుల్లోనూ ఒకే పాట ఒకే లయలో వినిపించవలెనంటే దానిని మించినది లేదు. ఎవరి ఫోనులో వారు వినేందుకైతే నావిడ్రోమ్ సులువైనదని నా అభిప్రాయం. రాస్‌బెరీ పై వ్యవస్థ మీద దీనిని స్థాపించి, పాటలున్న ఫోల్డరు ఏదో చూపితే చాలు. తరువాత ఇంటి వైఫైలో ఉన్న ఏ ఫోనులోనైనా బ్రౌజరు తెరచి, ఆ యంత్రం చిరునామా, దాని చివర 4533 అనే సంఖ్య చేర్చి కొడితే పాటల పుట తెరుచుకుంటుంది. ఇంట్లో ప్రతివారికీ వేరువేరు ఖాతాలు ఇవ్వవచ్చు. కంప్యూటరు చదువుతున్న పిల్లవాడు ఇంట్లో ఉంటే ఇదంతా ఒక ఆదివారం మధ్యాహ్నపు పని.

పాటలను ఏ రూపంలో దాచవలె? ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించవలసి ఉన్నది. సి.డి.లో ధ్వనిని సెకండుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్ల అంకెగా వ్రాస్తారు. కుడి ఎడమల రెంటికీ కలిపి గంట సంగీతానికి 635 మెగాబైట్లు అవుతుంది. ఎం.పి.3 పద్ధతి చెవికి అంతగా తెలియదనుకొన్న భాగాన్ని పారవేసి దీనిని బాగా కుదిస్తుంది. మరీ కుదిస్తే తాళాల చప్పుడు పదును పోయి, దెబ్బకు ముందే ఒక చెరిగిన నీడ వినిపిస్తుంది. ఒకసారి పారవేసినది మళ్లీ రాదు. 2001లో వచ్చిన ఫ్లాక్ పద్ధతి ఏమీ పారవేయదు. వెనుక వచ్చిన కొలతలను బట్టి ముందు రాబోయేది ఊహించి, ఊహకూ వాస్తవానికీ ఉన్న తేడా మాత్రమే వ్రాసుకుంటుంది. తంబుర శ్రుతి వంటి నిలుకడ గల నాదాన్ని ఊహించడం తేలిక, కాబట్టి అది బాగా కుదించుకుంటుంది. పాత టేపులోని బుస ఏ క్షణానికి ఎట్లా ఉంటుందో ఊహకందదు గనుక, బుస ఎక్కువైన కొద్దీ ఫైలు పెద్దదవుతుంది. పాటకంటె బుసకే ఎక్కువ చోటు ఇవ్వవలసి రావడం తమాషాగానే ఉంటుంది. మొత్తం మీద సగానికి సగం తగ్గినదనుకున్నా, ఒక టెరాబైటు డిస్కులో రెండున్నర వేల గంటలకు పైగా సంగీతం పడుతుంది. ఇంతటి చోటు ఉండగా ఎం.పి.3ను ఆశ్రయించడం అనవసరం.

క్యాసెట్ల సంగతికి వద్దాము. గంట క్యాసెట్టుకు గంట పడుతుంది. ఇందులో అడ్డదారి లేదు. మంచి స్థితిలో ఉన్న టేపు డెక్కు నుంచి, స్పీకరు కోసం ఉన్న చోటునుంచి గాక లైన్ అవుట్ నుంచి తీగ తెచ్చి, యు.ఎస్.బి. సౌండ్ కార్డు ద్వారా కంప్యూటరుకు కలపవలె. ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాముతో రికార్డు చేసుకోవచ్చు. మొదట డెక్కు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవవలె. సముద్రతీరపు ఊళ్లలో టేపు అంచుకు తెల్లని బూజు పట్టి ఉండవచ్చు. అటువంటి దానిని శుభ్రం చేయకుండా డెక్కులో పెడితే బూజు మిగిలిన క్యాసెట్లకూ అంటుకుంటుంది.

వేగం కూడా చూచుకోవలె. క్యాసెట్టు టేపు సెకండుకు 4.76 సెంటీమీటర్లు నడవవలె. వేగం నూటికి 6 వంతులు పెరిగినదంటే శ్రుతి ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది. ఒకటిన్నర శ్రుతికి పాడే మీ నాయనగారు రెండు శ్రుతిలో పాడినట్లు వినిపిస్తారు. గొంతు కూడా సన్నబడి ఎవరిదో అనిపిస్తుంది. రికార్డింగులో హార్మోనియమో శ్రుతిపెట్టెో ఉండి, ఆయన ఏ శ్రుతికి పాడేవారో తెలిసి ఉంటే, దానిని ఆధారం చేసుకొని సరిదిద్దవచ్చు. బుస తీసివేసే సాధనాలు ఆడాసిటీలో ఉన్నాయి. వాటి జోలికి తొందరగా పోరాదు. బుసతోపాటు గమకాల చివరి ఊపిరి కూడా పోతుంది. ఉన్నదున్నట్లు తీసిన ప్రతిని కదపకుండా ఉంచి, శుభ్రం చేసిన ప్రతిని వేరుగా పెట్టుకోవలె.

ఇంతవరకు చెప్పినది యంత్రాల సంగతి. అసలు శ్రమ దీని తరువాతనే ఉన్నది. మా వంటి నిలయాల టేపుల గదిలో పెట్టె ఎంత బాగున్నా, దాని మీద చీటీ లేకపోతే ఆ టేపు లేనట్లే లెక్క. ఎవరు పాడారు, ఏమి పాడారు, ఎన్ని నిమిషాలు, ఏ తేదీ అన్నది తెలియని టేపును ప్రసారానికి ఎవరు తీస్తారు? ఇంటి సర్వరుకూ ఇదే న్యాయం. నావిడ్రోమ్ ప్రతి పాటలోపల దాగి ఉండే ట్యాగులను, అనగా చీటీలను చదివి, వాటిని బట్టి జాబితా కడుతుంది. మీరు ఫోల్డర్లను ఎంత అందంగా అమర్చినా, చీటీ ఖాళీగా ఉంటే పాట పేరులేని వారి గుంపులో కలిసిపోతుంది.

ఈ చీటీలు పాశ్చాత్యుల రికార్డులను దృష్టిలో పెట్టుకొని ఏర్పడినవి: పాట, కళాకారుడు, ఆల్బమ్, సంవత్సరం. మన సంగీతం ఈ గడుల్లో తిన్నగా ఇమడదు. 1951 నాటి మల్లీశ్వరిని తీసుకోండి. ఘంటసాల పాడినవి, భానుమతి పాడినవి అందులో ఉన్నాయి. ఆల్బమ్ కళాకారుడు అన్న గడి ఖాళీగా వదిలితే, ఒకే చిత్రం గాయకులను బట్టి ముక్కలై జాబితాలో పలుచోట్ల కనిపిస్తుంది. ఆ గడిలో అన్ని పాటలకూ సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు పేరు వ్రాస్తే మళ్లీ ఒక్కటవుతుంది. సంవత్సరం వ్రాయడం మరువరాదు. దేవదాసు పేరుతో 1953లో, 1974లో, 2006లో తెలుగు చిత్రాలు వచ్చాయి గదా.

శాస్త్రీయ సంగీతానికి ఇంకొక చిక్కు. మనము వెదికేది ఎక్కువగా రాగాన్ని బట్టి. రాగానికి గడి లేదు. విభాగం అన్న గడిలో ఒకటికంటె ఎక్కువ మాటలు వ్రాయనిస్తారు కాబట్టి, కర్ణాటక సంగీతం అని, దానితోపాటు మోహన అని వ్రాసుకోవచ్చు. అప్పుడు మోహన అన్న మాట నొక్కితే ఇంట్లో ఉన్న మోహనలన్నీ, ఎవరు పాడినవైనా, ఎవరు వాయించినవైనా ఒక్కచోట నిలుస్తాయి. ఈ సుఖం చందా కట్టే కంపెనీల దగ్గర దొరకడం అరుదు. అయితే ఒకచోట మోహన అని, మరొకచోట మోహనం అని వ్రాస్తే యంత్రానికి అవి రెండు రాగాలు. త్యాగరాజు, త్యాగయ్య, త్యాగరాజస్వామి దానికి ముగ్గురు మనుషులు. రోమన్ లిపిలో వ్రాస్తే హెచ్ అక్షరం పెట్టినవారొకరు, పెట్టనివారొకరుగా ఈ ముగ్గురూ ఆరుగురవుతారు. తెలుగు పాటకు తెలుగు లిపిలోనే వ్రాయడం, పేర్ల పట్టిక ఒకటి ముందే నోటుపుస్తకంలో స్థిరపరచుకోవడం మంచిది. మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే ప్రోగ్రాము సి.డి.ల వివరాలను తనంత తాను వెదకి నింపుతుంది. మన పాత రికార్డులన్నీ దానికి తెలుసునని ఆశించరాదు.

ఇంటి క్యాసెట్ల విషయంలో ఏ ప్రోగ్రామూ సహాయపడదు. ఆ హరికథలో హార్మోనియం ఎవరిది, మధ్యలో నవ్విన పిల్లవాడెవరు, అది పాత ఇంటి అరుగు మీద జరిగినదా, గుడిలోనా అన్నది చెప్పగలవారు ఇంట్లో ఒకరో ఇద్దరో ఉంటారు. వారు ఎనభై దాటినవారు. యంత్రం వచ్చే ఏడాది కొనవచ్చు. డిస్కు ఆ పై ఏడాది కొనవచ్చు. వారిని కూర్చోబెట్టి, టేపు వినిపించి, చెప్పినది వ్రాసుకొనే పని మాత్రం ముందు చేయవలె. ఆ వివరాన్ని వ్యాఖ్య అనే గడిలో ఎంత పొడుగైనా వ్రాసుకోవచ్చు. వారికి సందేహం ఉంటే సందేహమనే వ్రాయండి.

విదేశంలో ఉన్న కూతురు కూడా తాతగారి పాట వినాలని కోరడం సహజం. ఇందుకని సర్వరును తిన్నగా ఇంటర్నెట్టుకు తెరచిపెట్టడం వీధి తలుపు తీసి నిద్రపోవడమే. వైర్‌గార్డ్ వంటి రహస్య మార్గాన్ని ఏర్పరచి, ఆ తాళం కూతురి ఫోనుకు ఇవ్వవలె. మన దేశంలో అనేక ఇంటర్నెట్ కంపెనీలు ఒకే బయటి చిరునామాను చాలా ఇళ్లకు పంచుతాయి కాబట్టి వైర్‌గార్డ్ ఒక్కటే చాలకపోవచ్చు. దాని మీదనే నిర్మించిన టెయిల్‌స్కేల్ వంటివి ఆ అడ్డంకిని దాటుతాయి. అంత దూరానికి ఫ్లాక్ పంపనక్కరలేదు. నావిడ్రోమ్ దానిని అప్పటికప్పుడు ఓపస్ రూపంలోకి తగ్గించి పంపగలదు.

హద్దు కూడా తెలిసి ఉండవలె. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం మన దేశంలో ధ్వనిముద్రణ మీద హక్కు, అది వెలువడిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు ఉంటుంది. సాహిత్యానికి, స్వరరచనకు వేరే లెక్క. వ్యక్తిగత వినియోగానికి చట్టం న్యాయమైన మేరకు వెసులుబాటు ఇస్తున్నది. కొన్న సి.డి.ల ప్రతులకు ఊరందరికీ తాళాలు పంచడం ఆ వెసులుబాటులోకి రాదు.

డిస్కు ఏనాటికైనా చెడుతుంది. రెండవ డిస్కు మీద మొత్తం ప్రతి తీసి, దానిని అదే బీరువాలో గాక తమ్ముడి ఇంట్లోనో అక్కగారి ఇంట్లోనో ఉంచండి. ఏడాదికి రెండుసార్లు తెప్పించి కొత్తవి చేర్చి, నాలుగు పాటలు వినిచూచి తిరిగి పంపండి. క్యాసెట్లను పారవేయవద్దు. ఒకసారి చివరిదాకా నడిపి, వెనక్కి చుట్టి, నిలువుగా నిలబెట్టి, తేమ తగలని చోట దాచండి. పెట్టె మీద తారీఖు వ్రాసి, ఇది ఎక్కించడం అయినదని ఒక గుర్తు పెట్టుకోండి.