పాత గిటారుకు తలంటు

లండన్‌లోని బోన్‌హమ్స్ వేలంశాలకు 2024 అక్టోబరులో ఒక గిటారు వచ్చింది. ఒంటిమీద రంగు చాలావరకు ఊడిపోయింది. బయటపడిన చెక్క మాసి, గీతలు పడి ఉంది. ఐర్లండ్ గిటారిస్టు రోరీ గ్యాలహర్ 1963లో కార్క్ నగరంలో కొన్న ఫెండర్ స్ట్రాటోకాస్టర్ అది. తయారైంది 1961లో. ఒకసారి దొంగలు ఎత్తుకెళ్లి గుంటలో పారేశారు. దొరికాక రోరీ దాన్ని ఏళ్ల తరబడి వేదికల మీద చెమటతో తడుపుతూనే వాయించాడు. వేలంలో అది అన్నీ కలిపి 8,89,400 పౌండ్లు పలికింది. కొన్నవాళ్లు దాన్ని ఐర్లండ్ జాతీయ మ్యూజియానికి ఇచ్చేందుకే కొన్నారు.

రంగు వేయించి తళతళలాడిస్తే ఆ గిటారు ఆ గిటారుగా మిగిలేది కాదు. అలాగని పాత వాయిద్యం మీద ఉన్నదంతా చరిత్రేనని వదిలేయడానికీ లేదు. రోరీ గిటారు మీద ఊడిన రంగు వయసు. ఏ ఇంటి అటక మీదో ఉన్న మేనమామ గిటారులో ఫ్రెట్ల (మెడ మీది లోహపు కమ్మీల) పక్కన పేరుకున్న నల్లటి జిడ్డు మురికి. చెమట, చర్మం పొట్టు, దుమ్ము కలిసి గట్టిపడిన పదార్థం అది. వయసును ఉంచి మురికిని తీయడంలోనే ఉంది పనితనమంతా. (విచిత్రమేమిటంటే, రంగు గీకేసి, గాట్లు పెట్టి, కొత్త గిటారునే పాతదానిలా తయారుచేసి ఫెండర్ వాళ్లే అమ్ముతారు. మామూలు కొత్త గిటారు కంటే దానికే ధర ఎక్కువ!)

గుడ్డ పట్టుకునే ముందు ఒంటిమీద ఉన్న పూత ఏమిటో తెలుసుకోవాలి. మంచి క్లాసికల్ గిటార్లకు ఫ్రెంచ్ పాలిష్ ఉంటుంది. అది లక్క. మోదుగ, రేగు లాంటి చెట్ల మీద బతికే పురుగు స్రవించే జిగురును శుద్ధిచేసి స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పొరలు పొరలుగా రుద్దుతారు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో తిరిగే తరిమెన మీద బొమ్మలకు పట్టించేదీ లక్కే. అక్కడ రాపిడి వేడికి కరుగుతుంది, ఇక్కడ స్పిరిట్‌కు కరుగుతుంది, అంతే తేడా. స్పిరిట్‌కు కరిగి పట్టిన పూత మళ్లీ స్పిరిట్ తగిలితే కరగకుండా ఉంటుందా? చేతులకు శానిటైజర్ రాసుకుని, ఆరకముందే అలాంటి గిటారు పట్టుకుంటే వేలిముద్రలు పూతలో దిగబడిపోతాయి.

రెండోది నైట్రోసెల్యులోజ్ లాకర్. 1920లలో మోటారు కార్లకు వచ్చిన ఈ పూతను గిటారు కంపెనీలూ అందిపుచ్చుకున్నాయి. పాత మార్టిన్, గిబ్సన్, ఫెండర్ గిటార్ల మీద ఉన్నది ఇదే. కాలం గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది. చలి నుంచి వేడికి ఒక్కసారిగా మారితే సన్నటి నెర్రెలు పడతాయి. మొత్తం మందం మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ. కారు పాలిష్ పెట్టి గట్టిగా తోమితే అంచుల దగ్గర చెక్క కనబడటానికి ఎంతో సేపు పట్టదు. నెర్రెలు ఉన్నచోట తడి గుడ్డ, చిక్కటి పాలిష్ రెండూ వద్దు. నీరు లోపలికి దిగి పూతను ఎత్తేస్తుంది. పాలిష్ నెర్రెల్లో చిక్కి తెల్లటి గీతలుగా ఎండిపోతుంది.

మూడోది 1970ల నాటికి విరివిగా వచ్చిన పాలిస్టర్, పాలీయురేథేన్ పూత. ఇది మొండిది. తడిపి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెడితే చాలు.

పూత ఏదైనా శుభ్రం చేయడం పొడి కాటన్ గుడ్డతోనే మొదలవ్వాలి. చాలకపోతే నోటి ఆవిరి ఊది తుడవాలి. ఆ తర్వాతి మెట్టు వింటే మనవాళ్లు ముఖం చిట్లిస్తారు. పాత చిత్రాలను, బంగారు పూత శిల్పాలను శుభ్రంచేసే మ్యూజియం నిపుణులు చాలాకాలంగా ఉమ్మి వాడుతున్నారు. పోర్చుగల్ పరిశోధకులు దీన్ని పరీక్షించి 1990లో వ్యాసం రాశారు. ఉమ్మిలోని అమైలేజ్ అనే ఎంజైము మురికిని విడదీస్తుందని తేల్చారు. ఆ పనికి 2018లో రసాయనశాస్త్రంలో ఇగ్ నోబెల్ దక్కింది. దసరాకు కుంకుమబొట్టు పెట్టి పూజించే వాయిద్యానికి ఎంగిలా అంటే జవాబు చెప్పడం కష్టమే. అందుకు బదులు దూదిపుల్ల కొసన గోరువెచ్చటి నీటి చుక్కతో ప్రయత్నించి చూసుకోవచ్చు.

స్టిక్కరు బంక లాంటి మొండి జిడ్డుకు బాగుచేసేవాళ్లు నాఫ్తా వాడతారు, అంటే లైటర్‌లో పోసే ద్రవం. కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని, కనబడని మూల ముందు పరీక్షించాలి. థిన్నర్, అసిటోన్ జోలికి మాత్రం వెళ్లొద్దు, లాకర్ కరిగిపోతుంది. సిలికోన్ ఉండే ఫర్నిచర్ స్ప్రేలు ఇంకో రకం తంటా. అవి ఒకసారి ఇంకితే, రేపు పూత దెబ్బతిని మళ్లీ వేయాల్సి వచ్చినప్పుడు కొత్త లాకర్ అతుక్కోక గుంటలు పడుతుంది.

ఇక ఫ్రెట్‌బోర్డు, అంటే ఫ్రెట్లు దిగేసిన మెడ చెక్క. అసలు మురికంతా ఇక్కడే. అది లేతరంగు మేపుల్ అయితే సాధారణంగా పైన లాకర్ ఉంటుంది, కాబట్టి గుడ్డతో తుడిచి వదిలేయాలి. నూనె అక్కర్లేదు. ముదురు రంగు రోజ్‌వుడ్, ఎబొనీ అయితే పూత లేని వట్టి చెక్క. బ్రెజిల్ తన రోజ్‌వుడ్ దుంగల ఎగుమతిని ఆపేశాక, 1969-70 నుంచి మార్టిన్ లాంటి అమెరికన్ కంపెనీలు మన దేశపు రోజ్‌వుడ్ వైపు మళ్లాయి. మన అడవుల్లోని జిట్టేగి చెట్టు అదే.

తీగలు విప్పాలి. ఫ్రెట్ పక్కన గట్టిపడిన జిడ్డును పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో గోకితే నల్లటి పొరలుగా లేచి వస్తుంది. ఆపైన 0000 నంబరు స్టీల్ ఊల్‌తో, చెక్క గీతల వెంబడే, తేలికగా రుద్దాలి. ఎలక్ట్రిక్ గిటారైతే తీగల కింద ఉండే పికప్‌లను ముందే టేపుతో మూసెయ్యాలి. వాటిలో అయస్కాంతాలుంటాయి, ఇనుప నూగంతా వెళ్లి అక్కడే అంటుకుంటుంది. ఫ్రెట్లను నికెల్ సిల్వర్ అంటారుగానీ అందులో వెండి లేదు. రాగి, జింకు, నికెల్ మిశ్రమం. రాగి ఉంది కనకే పచ్చటి చిలుము పడుతుంది. దాన్ని బ్రాసోతో వదిలించాలంటే రెండు పక్కలా చెక్కకు టేపు అంటించాక, ఒక్కో ఫ్రెట్‌నూ విడిగా తోముకోవాలి.

చివర నూనె. బజారులో దొరికే ‘లెమన్ ఆయిల్’ సీసాల్లో చాలావాటిలో ఉండేది మినరల్ ఆయిల్, దానికి నిమ్మ వాసన కలుపుతారు. పేరు చూసి నిమ్మచెక్క రుద్దితే పులుపు చెక్కకూ లోహానికీ చేటు. కొబ్బరినూనె కొన్నాళ్లకు కంపు కొట్టి, జిడ్డు పట్టి, దుమ్మును పిలుస్తుంది. అవిసె నూనె ఎండి గట్టిపడుతుంది. పైగా ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే తమంతట తామే అంటుకున్న సందర్భాలున్నాయి. మంచి నూనె నాలుగైదు చుక్కలు గుడ్డకు వేసి రాసి, కాసేపాగి మిగిలింది పూర్తిగా తుడిచేయాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు.

ఇంత శ్రద్ధా అవసరమా అనేవాళ్లు అమెరికన్ గాయకుడు విల్లీ నెల్సన్ గిటారు ‘ట్రిగర్’ను చూపిస్తారు. 1969లో కొన్న మార్టిన్ ఎన్-20 అది. వేళ్లతో మీటాల్సిన నైలాన్ తీగల గిటారు, కాబట్టి పిక్‌గార్డు రక్షణ లేదు. ఆయన పిక్‌తో వాయించాడు. పూత అరిగింది, ఆపైన చెక్కకే బొక్క పడింది. అయినా అది నిర్లక్ష్యానికి ఉదాహరణ కాదు. ఆస్టిన్‌లో మార్క్ ఎర్లెవైన్ అనే గిటారు నిపుణుడు దాన్ని క్రమం తప్పకుండా పరీక్షించి బాగుచేస్తూ వచ్చాడు. బొక్కను మాత్రం పూడ్చలేదు.

శుభ్రంచేసిన గిటారును ఎక్కడ పెడుతున్నారన్నదీ చూసుకోవాలి. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే చెక్కకు హాయి. విశాఖ ఉక్కపోతలో వానాకాలమంతా, హైదరాబాద్ ఏసీ గదిలో వేసవంతా ఆ లెక్క తప్పుతుంది. మూతపెట్టె, లోపల తేమను అదుపు చేసే పొట్లం ఉంటే కొంత నయం. స్టాండు మీద పెట్టేట్టయితే దాని రబ్బరు తొడుగు నేరుగా నైట్రో లాకర్‌కు తగలకూడదు. రబ్బరులోని రసాయనం పూతను మెత్తబరిచి, నెలల్లోనే మాయని మచ్చ వేస్తుంది. తొడుగు మీద ఓ పాత కాటన్ గుడ్డ చుట్టేస్తే ఆ బెడద ఉండదు.