వెల్డింగ్ షాపులో పిల్లాణ్ణి చేర్చే ముందు అడగాల్సిన సంగతులు

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో ఇనుము పనికి కొదవ లేదు. పత్తి, మిర్చి సీజన్ మొదలయ్యే లోపు ట్రాక్టర్ ట్రక్కులు బాగుచేయించుకోవాలి. గొర్రు, గుంటక విరిగితే అతికించుకోవాలి. జిన్నింగ్ మిల్లులు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు, ఒంగోలు వైపు పొగాకు బ్యారన్లు, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలు, వీటన్నిటికీ ఎప్పుడూ ఏదో ఒక రిపేరు ఉంటూనే ఉంటుంది. పట్టణాల్లో గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్ల పని సరేసరి. అందుకే పదో తరగతి దగ్గర చదువు ఆగిపోయిన మన పిల్లల్లో చాలామంది వెల్డింగ్ షాపుల వైపు చూస్తారు.

ఇది మంచి పనే. కాకపోతే పని నేర్చుకోవడం వేరు, షాపులో పనికి ఉండటం వేరు. ఈ తేడా తెలియక మూడేళ్లు గడిచాక కూడా గ్రైండర్ పట్టుకుని, టీలు తెచ్చిపెడుతూ ఉండిపోయే కుర్రాళ్లు ఉంటారు.

ఒకప్పుడు మన దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు ఇదే పత్తి మీద బతికాయి. విల్లుతో దూది ఏకడం, పరుపులు కుట్టడం తండ్రి దగ్గర కొడుకు నేర్చుకునేవాడు. ఊళ్లో అందరికీ తెలిసిన మనిషే కాబట్టి సర్టిఫికెట్ అడిగేవాడు లేడు. యంత్రాలు, ఫోమ్ పరుపులు వచ్చాక ఆ పని తగ్గిపోయింది. వెల్డింగ్‌లో పరిస్థితి వేరు. ఊరి షాపు దాటి రైల్వేకో, ఫ్యాక్టరీకో, గల్ఫ్‌కో వెళ్తే అక్కడ మనల్ని ఎరిగినవాళ్లు ఉండరు. చేతిలో పనితోపాటు చేతిలో కాగితం కూడా ఉండాలి.

ఏ వరసలో నేర్పాలి?

మొదటి రెండు మూడు నెలలు కొలతలు తీసుకోవడం, ఇనుము కోయడం, తుప్పు గీకడం, గ్రైండింగ్, సరుకు మొయ్యడం ఉంటాయి. అది తప్పదు, తప్పు కూడా కాదు. ముక్క సరిగ్గా కొయ్యడం రానివాడికి అతుకు కుదరదు. కానీ ఆ నెలల్లోనే పిల్లాడికి యాంగిల్, ఛానెల్, ఫ్లాట్, పైపు సైజులు నోటికి రావాలి. మూలమట్టం పెట్టి చూడటం రావాలి.

ఆ తర్వాత హోల్డర్ చేతికివ్వాలి. ముందు పనికిరాని ముక్కల మీద సూటిగా గీత లాగడం, తర్వాత ట్యాక్ వేయడం, ఆపైన రెండు ముక్కలు అతకడం. ముక్క కింద పడుకోబెట్టి చేసేది సులువు. నిలువుగా, తల మీదుగా చేయడం కష్టం. ఆరు నెలలు దాటినా వాడు హోల్డర్ పట్టలేదంటే, "మేస్త్రి గారూ, మావాడికి రాడ్ ఎప్పుడిస్తారు?" అని అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది.

ఏడాది తిరిగేసరికి పిల్లాడు మిషన్ మీద ఆంపియర్లు తనే పెట్టుకోవాలి. షాపుల్లో ఎక్కువగా వాడే 3.15 ఎంఎం 6013 రాడ్‌కి సుమారు 90 నుంచి 130 ఆంపియర్లు కావాలి. తక్కువైతే రాడ్ అతుక్కుపోతుంది, పైపైన ముద్దలా కడుతుంది. ఎక్కువైతే పలచని ఇనుము చిల్లు పడుతుంది. 6013లో మొదటి రెండు అంకెలు అతుకు బలాన్ని చెబుతాయి, అంటే చదరపు అంగుళానికి 60 వేల పౌండ్లు. మూడో అంకె 1 అంటే ఏ పొజిషన్‌లోనైనా వాడొచ్చని అర్థం. చివరి అంకె రాడ్ మీది పూత రకాన్ని, దానికి సరిపడే కరెంటును తెలుపుతుంది. బరువు మోసే పనులకు 7018 రాడ్ వాడతారు. అది తేమ పీల్చుకుంటే అతుకులో పగుళ్లు రావచ్చు. అందుకే దాన్ని ఓవెన్‌లో వేడి చేసి వాడాలి. ఇవన్నీ విడమరిచి చెప్పే మేస్త్రి దొరికితే వదులుకోవద్దు.

నేర్చుకున్నాడో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. రెండు ముక్కలను టీ ఆకారంలో నిలబెట్టి ఒకవైపే వెల్డింగ్ కొట్టించండి. చల్లారాక వెల్డింగ్ ఉన్న వైపుకే సుత్తితో వంచి విరగ్గొట్టించండి. విరిగిన చోట చిల్లులు, మడ్డి, అతుక్కోని మూల కనిపిస్తే పని ఇంకా రాలేదన్నట్టే. పైన నున్నగా ఉన్నంత మాత్రాన అది గట్టి అతుకు కాదు. మనుషులు ఎక్కే ట్రక్కు కొక్కెం, తల మీదుండే షెడ్డు దూలం ఆ అతుకు మీదే ఆధారపడతాయి.

కళ్లు, ఊపిరితిత్తులు

వెల్డింగ్ వెలుగులో అల్ట్రావయొలెట్ కిరణాలు ఉంటాయి. నల్ల అద్దం లేకుండా కాసేపు చూసినా కంటి పైపొర కమిలిపోతుంది. నొప్పి అప్పుడే తెలియదు, చాలా గంటల తర్వాత మొదలవుతుంది. రాత్రి కళ్లల్లో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు కారడం ఉంటాయి. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. కానీ పాలు, ఆకు పసర్లు, ఎవరో ఇచ్చిన చుక్కలు కంట్లో వేయొద్దు. కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

బజార్లో కొనే చలువ కళ్లద్దాలు దీనికి పనికిరావు. ఆర్క్ వెల్డింగ్‌కి 10 నుంచి 12 నంబరు నల్ల అద్దం కావాలి. వెల్డింగ్ చేసేవాడికి షీల్డ్ ఇచ్చి, పక్కన ముక్క పట్టుకున్న హెల్పర్‌ని మొహం తిప్పుకోమనే షాపులు ఉన్నాయి. ఎక్కువగా కళ్లు పాడు చేసుకునేది ఆ హెల్పరే. గ్రైండింగ్‌కి వేరే తెల్ల కళ్లద్దాలు కావాలి. లేకపోతే ఇనుప రజను కంట్లో గుచ్చుకుంటుంది.

పొగ సంగతి కూడా చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. జీఐ పైపు, జీఐ రేకు మీద జింక్ పూత కాలితే వచ్చే తెల్లపొగ పీల్చినవాళ్లకు సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. ఫ్లూ అనుకుని మాత్ర వేసుకుని మర్నాడు మళ్లీ అదే పనికి వెళ్తారు. జీఐ మీద అతుకు వేసే చోట పూత గీకేయాలి, గాలి ఆడే చోట పని చేయాలి, సరైన మాస్క్ పెట్టుకోవాలి. జేబురుమాలు కట్టుకుంటే పొగ ఆగదు.

పత్తి ఉన్న చోట నిప్పు

మన ప్రాంతంలో ఇది ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వెల్డింగ్ నిప్పురవ్వలు 10 మీటర్ల దూరం దాకా ఎగురుతాయి. జిన్నింగ్ మిల్లులో దూలాల మీద, మూలల్లో దూది నుసి పేరుకుని ఉంటుంది. మిర్చి టిక్కీలు ఉన్న గోడౌన్‌లో గోనెసంచులు ఉంటాయి. రవ్వ పడిన వెంటనే మంట లేవకపోవచ్చు. లోలోపల రాజుకుని, అందరూ ఇంటికెళ్లాక అంటుకుంటుంది. పనికి ముందు చుట్టూ ఊడ్చి, పక్కన నీళ్లు, ఇసుక పెట్టుకోవాలి. పని అయ్యాక కనీసం గంటసేపు ఒక మనిషి అక్కడే ఉండి చూడాలి.

ఖాళీ డీజిల్ ట్యాంకు, పురుగుమందు డ్రమ్ము, ఆయిల్ పీపా మీద నేరుగా వెల్డింగ్ కొట్టకూడదు. ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి ఉంటుంది, పేలిపోతుంది. "తొందరగా కానీయ్" అని రైతు అన్నా, యజమాని అన్నా పిల్లాడు "కుదరదు" అనడం నేర్చుకోవాలి.

కరెంటు విషయంలో ఎండాకాలం మరీ జాగ్రత్త. రెంటచింతల ఎండ సంగతి మనకు తెలిసిందే. చెమటతో తడిసిన చొక్కా, తెగిన హోల్డర్, కాళ్లకు హవాయి చెప్పులు, ఈ మూడూ కలిస్తే షాక్ తప్పదు. పొడి తోలు గ్లౌజులు, బూట్లు, కాటన్ బట్టలు ఉండాలి. రంజాన్‌లో రోజా ఉండే పిల్లాడికి ఎండ పెరగక ముందే బరువు పని పూర్తయ్యేలా చూడమని యజమానిని అడగడంలో మొహమాటం వద్దు.

కాగితం ఎలా వస్తుంది?

మొదటి దారి ఐటీఐ. వెల్డర్ ట్రేడ్ ఏడాది కోర్సు. పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. ఆడపిల్లలు కూడా చేరొచ్చు.

రెండో దారి అప్రెంటిస్‌షిప్. ఇది 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద నడుస్తుంది. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్న షాపులు ఇష్టమైతే తీసుకోవచ్చు. అంటే పెద్ద ఫ్యాబ్రికేషన్ షాపు యజమాని ఒప్పుకుంటే మన ఊళ్లోనే ఇది సాధ్యం. అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో ఒప్పందం నమోదు కావాలి. 2019 నిబంధనల ప్రకారం నెలకు కనీస స్టైపెండ్ పదో తరగతి పాసైనవాళ్లకు 6,000, ఐటీఐ వాళ్లకు 7,000 రూపాయలు. చేరేటప్పుడు అమల్లో ఉన్న రేటు ఎంతో అడిగి తెలుసుకోండి. కేంద్ర పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 మించకుండా, ప్రభుత్వమే భరిస్తుంది. ఈ సంగతి చాలామంది షాపు యజమానులకు తెలియదు, మీరే చెప్పండి. పనిలో గాయమైతే పరిహారం బాధ్యత యజమానిదే. కనీస వయసు 14 ఏళ్లు, ప్రమాదకర పరిశ్రమల్లో 18.

ఐటీఐ పాసైనవాళ్లు దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్ నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండాలి. విజయవాడ దగ్గర గుంటుపల్లిలో రైల్వే వ్యాగన్ వర్క్‌షాపు ఉంది. రైల్వేలో అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసినవాళ్లకు లెవెల్-1 నియామకాల్లో 20 శాతం పోస్టులు కేటాయించారు.

గల్ఫ్ ఆలోచన ఉంటే ముందు పని, తర్వాత వీసా. పైపు వెల్డర్లకు తరచూ 6జీ పరీక్ష పెడతారు. పైపును 45 డిగ్రీల వాలులో బిగించి, కదపకుండా చుట్టూ వెల్డింగ్ చేయాలి. గేట్లు, గ్రిల్స్ మాత్రమే చేసినవాడు ఇందులో నిలబడలేడు. పదో తరగతి పాస్ కాని వాళ్లకు ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది. రిజిస్టర్డ్ ఏజెంట్ సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించకూడదు. లక్షలు అడిగేవాడి దగ్గర ఆగి ఆలోచించండి.

చేర్చే రోజు అడగాల్సినవి

షీల్డ్, గ్లౌజులు, బూట్లు ఎవరిస్తారు? హెల్పర్‌కి కూడా షీల్డ్ ఉందా? హోల్డర్ ఎన్నో నెలలో ఇస్తారు? ఆర్క్ ఒక్కటేనా, సీఓటూ, ఆర్గాన్ వెల్డింగ్ కూడా నేర్పిస్తారా? నెలకు ఎంతిస్తారు, ఎప్పుడు పెంచుతారు? దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది? అప్రెంటిస్‌గా నమోదు చేస్తారా?

తెలిసినవాళ్ల షాపు కదా, ఇవన్నీ ఎలా అడుగుతాం అనిపిస్తుంది. తెలిసినవాళ్లు కాబట్టే అడగడం సులువు. పని నేర్పాలన్న ఉద్దేశం ఉన్న ఉస్తాద్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. నొచ్చుకున్నాడంటే అతనికి కావాల్సింది శిష్యుడు కాదు, చవకగా దొరికే హెల్పర్. అలాంటప్పుడు ఇంకో షాపు చూడండి.