బైక్ కింద పడిందా? వంగి లాగకండి.. నడుము పట్టేస్తుంది! ఒక్కరే లేపే పద్ధతి ఇదే..

సిగ్నల్ దగ్గర కాలు జారింది.. యూటర్న్‌లో ఇసుక తగిలింది.. సెల్లార్‌లో స్టాండ్ సరిగ్గా పడలేదు. బండి ధబేల్‌మని పడిపోయింది. అప్పుడు చాలామంది ఏం చేస్తారు? నలుగురూ చూస్తున్నారన్న సిగ్గుతో గబుక్కున వంగి, హ్యాండిల్ పట్టుకుని పైకి లాగేస్తారు. పడినప్పుడు దెబ్బ తగలనివాళ్లకు కూడా నడుము పట్టేసేది ఇక్కడే.

స్ప్లెండర్ ప్లస్ లాంటి మామూలు బైక్ బరువే దాదాపు 112 కిలోలు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 అయితే 195 కిలోలు. అంటే 25 కిలోల బియ్యం బస్తాలు దాదాపు ఎనిమిది! చేతులతో లాగితే ఆ భారం నడుము మీద పడుతుంది. అందుకే బండిని చేతులతో కాదు.. కాళ్ల బలంతో లేపాలి.

లేపే ముందు ఇవి చూడండి

* ముందు మీ ఒళ్లు చూసుకోండి. వెనక కూర్చున్నవాళ్లనూ చూడండి. తల తిరుగుతున్నా, ఎక్కడైనా గట్టిగా నొప్పి ఉన్నా బండి జోలికి పోవద్దు. అవసరమైతే 108కి కాల్ చేయండి.
* వెనక నుంచి వాహనాలు వస్తున్నాయేమో చూడండి.
* ఇంజిన్ ఆపేయండి, తాళం తిప్పేయండి. పెట్రోల్ కారుతుంటే దగ్గర్లో ఎవరూ సిగరెట్ వెలిగించకుండా చూడండి.
* బండి కుడివైపు పడితే సైడ్ స్టాండ్ ముందే వేసి, ఫస్ట్ గేర్‌లో పెట్టండి. లేచాక చక్రం కదలదు, బండి అటువైపు ఒరిగినా స్టాండ్ ఆపుతుంది.
* ఎడమవైపు పడితే స్టాండ్, గేర్ రెండూ కిందే ఉండిపోతాయి. అప్పుడు ముందు బ్రేక్ లివర్‌ని రబ్బర్ బ్యాండ్‌తోనో, కర్చీఫ్‌తోనో బిగించి కట్టేయండి. స్కూటీకి గేర్ ఉండదు కాబట్టి ఎటు పడినా ఇదే పద్ధతి.

ఇలా లేపండి

1. బండి ఏ వైపు పడిందో హ్యాండిల్‌ని ఆ వైపుకే పూర్తిగా తిప్పండి. కింది గ్రిప్ ట్యాంక్ దగ్గరికి వస్తుంది.
2. బండికి వీపు పెట్టి కిందికి కూర్చోండి. మీ పిరుదులు సీటు అంచుకు ఆనాలి.
3. ఒక చేత్తో కింది గ్రిప్, రెండో చేత్తో సీటు వెనకున్న గట్టి కడ్డీ పట్టుకోండి. ఇండికేటర్, ప్లాస్టిక్ భాగాలు పట్టుకుంటే విరిగిపోతాయి.
4. నడుము నిటారుగా ఉంచి, పాదాలు నేలకు గట్టిగా ఆనించి, వెనక్కి చిన్న చిన్న అడుగులు వేస్తూ సీటును నెట్టండి.
5. బండి నిలబడే సమయంలో జోరు తగ్గించండి. లేదంటే అటువైపు పడిపోతుంది. ఎడమవైపు నుంచి లేపితే కాలితో సైడ్ స్టాండ్ వేశాకే చేతులు వదలండి.

మన బైకుల్లో ఎక్కువ వాటికి సైలెన్సర్ కుడివైపే ఉంటుంది. అటు నుంచి లేపేటప్పుడు పిక్కలకు తగలకుండా జాగ్రత్త, చర్మం కాలుతుంది.

వెంటనే స్టార్ట్ చేయొద్దు

కొన్ని నిమిషాలు ఆగండి. బ్రేక్, క్లచ్ లివర్లు, బ్రేక్ పెడల్ వంగాయేమో, హ్యాండిల్ రెండు వైపులా ఫ్రీగా తిరుగుతోందో లేదో, ఆయిల్ కారుతోందేమో చూడండి. కట్టిన కర్చీఫ్ విప్పడం మర్చిపోవద్దు! కొత్త బైకుల్లో చాలావాటికి కింద పడగానే ఇంజిన్ ఆపేసే సెన్సర్ ఉంటుంది. స్టార్ట్ కాకపోతే కంగారు పడకండి, తాళం ఒకసారి ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి.

నడుము నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు, ఆపరేషన్ అయినవాళ్లు ఒంటరిగా ప్రయత్నించొద్దు. పక్కవాళ్లను పిలవడంలో తప్పేం లేదు. అలాగే రోడ్డు మీద ఎవరైనా బండి కింద ఇరుక్కుంటే కాలు పట్టి లాగకండి. ఇద్దరు ముగ్గురు కలిసి బండిని పైకెత్తండి. బండికి గీతలు పడితే మెకానిక్ చూసుకుంటాడు.. ముందు మనిషి సంగతి చూడండి!