నల్లతెరలో గవాక్షము

కామారెడ్డిలో ఒక పెద్దాయన తన మొబైల్ ఫోనును మాకు చూపి, “ఖరాబైనట్టుంది బిడ్డా” అనెను. క్రొత్త యాప్ ఒకటి తెరచియున్నది. తెర అంతయు మసకబారి, నడుమ గుండ్రని వెలుగు నిలిచి, ప్రక్కన “ఇక్కడ తాకండి” అని వ్రాసియున్నది. ఆయన అచ్చటనే పలుమార్లు తాకెను. ఏమియు జరుగలేదు. ఏలయన ఆ వెలుగులో బటన్ లేదు. అది రెండంగుళముల దిగువన మసకలో నున్నది.

ఆ వెలుగు ఎట్లు వచ్చునో ముందు చెప్పుకొందము. వెలుగును ఎవరును చిత్రింపరు. చీకటిని తుడుతురు, అంతే. తోలుబొమ్మలాట చూచినవారికి ఇది తేలికగా బోధపడును. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంట కళాకారులు బొమ్మ నగలకు రంగు పూయుటతో సరిపెట్టుకొనరు. తోలున సన్నని రంధ్రములు పొడుతురు. వెనుక దీపము వెలుగగానే ఆ రంధ్రములే ముత్యములగును. యాప్ నిర్మాతలును ఉన్న పుటపై పలుచని నల్లపొర పరచి, దానికి కన్నము చేయుదురు.

కంప్యూటరు చిత్రమునందు ప్రతి చుక్కకును ఎరుపు, ఆకుపచ్చ, నీలము పాళ్లతో పాటు, అది ఎంత దట్టమో తెలుపు నాలుగవ అంకె యుండును. దానికి ఆల్ఫా అని పేరు. సున్న అయినచో క్రిందిది పూర్తిగా కనబడును. 255 అయినచో ఏమియు కనబడదు. మసకపొర అంతటను 180 ఉంచి, వృత్తములో సున్న చేసిన చాలును. పొరపై పొర పడినపుడు ఈ అంకెలను ఎట్లు కలుపవలెనో 1984లో లూకాస్‌ఫిల్మ్ సంస్థలోని థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఒక వ్యాసమున వివరించిరి. సినిమా బొమ్మలకై పుట్టిన ఆ లెక్క నేడు ఆండ్రాయిడ్ చిత్రలేఖన ఆదేశములలో ‘పోర్టర్‌డఫ్’ అను పేరుననే యున్నది.

తుడుపును మాత్రము వేరుపొరపై చేయవలెను. పుటపైననే చేసినచో క్రింది బటన్ కూడ చెరిగి, వెలుగునకు బదులు నల్లని మచ్చ మిగులును. మరియొక మాట: కన్నము కంటికే గాని వ్రేలికి కాదు. తాకిడిని ఇంకను పైపొరయే పట్టుకొనును. వ్రేలు వృత్తములో పడినదా అని చూచి, పడినచో క్రిందికి విడువుమని వేరుగ చెప్పవలెను. పలువురు దీనిని మరచుచుందురు.

ఇక పెద్దాయన ఫోను సంగతి. చూపు మందగించినందున ఆయన అక్షరములను పెద్దవి చేసికొనెను. భాషను తెలుగునకు మార్చుకొనెను. మాటలు రెండు వరుసలై బటన్ క్రిందికి జరిగెను. కన్నము ఉండు చోటును నిర్మాత ముందే అంకెలలో వ్రాసిపెట్టినందున వెలుగు మాత్రము జరుగలేదు. చిన్న ఆంగ్లాక్షరములున్న తన ఫోనున అతడు సరిచూచుకొనియుండును! బటన్ తెరపై కుదురుకొనిన పిమ్మట దాని అంచులను కొలిచి, ఆ కొలతకే కన్నము కోయవలసియుండెను. ఫోనును అడ్డముగ త్రిప్పినపుడు మరల కొలువవలసియుండెను.

“ఫోను మంచిదే తాతా” అని చెప్పి, మూలనున్న చిన్న గుర్తును తాకితిమి. మసక తొలగెను. పిమ్మట ఆయన బటన్‌ను తానే చూచుకొనెను.