వాడుక గుర్తుల కళ

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో పాత మట్టిమిద్దెను పడగొట్టి సిమెంటు ఇల్లు కట్టుకునేటప్పుడు ద్వారబంధాలు, దూలాలు, వాటి మీద అడ్డంగా పరిచిన దంతెలు ఒక పక్కకు చేరుతాయి. వాటిలో పనికొచ్చేవి పాత కలప కొనేవారి దగ్గరికి, మిగిలినవి పొయ్యిలోకో భోగిమంటలోకో పోతాయి. ఇలాంటి కలపను, కాలు ఊడిన మంచాన్ని, సొట్టలు పడ్డ బిందెను ముడిపదార్థంగా తీసుకునే కళ ప్రపంచంలో వందేళ్లకు పైగా సాగుతోంది.

1913లో మార్సెల్ డుషాంప్ అనే ఫ్రెంచి కళాకారుడు ఒక స్టూలు మీద సైకిలు చక్రాన్ని బిగించడంతో, తయారై ఉన్న వస్తువును ఎంచుకోవడం కూడా కళాకారుడి పనేననే ఆలోచనకు దారి పడింది. అలా ఎంచుకున్న వస్తువును ‘రెడీమేడ్’ అనీ, అనేక వస్తువులను ఒక స్థలమంతటా అమర్చి చూసేవారు ఆ స్థలాన్నే అనుభవించేలా చేసే రచనను ‘ఇన్‌స్టలేషన్’ అనీ అంటారు. కొలంబియా శిల్పి డోరిస్ సాల్సెడో 2003లో ఇస్తాంబుల్‌లో రెండు భవనాల నడుమ ఉన్న ఖాళీలో 1,550 చెక్కకుర్చీలను గుట్టగా నింపింది. కూర్చునే మనిషి లేని కుర్చీ, ఆ మనిషి ఏమయ్యాడన్న ప్రశ్నను తనంతట తానే లేవనెత్తుతుంది.

తెలుగునాట ఈ మార్గానికి దగ్గరగా ఉన్నది తెనాలి పని. అక్కడి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత ఇనుప సామాను, నట్లు, బోల్టులు అతికి నాయకుల నిలువెత్తు విగ్రహాలు చేస్తున్నారు. ఆ నేర్పు అసామాన్యమైనదే అయినా, అందులో నట్టు తన పూర్వజీవితాన్ని వదులుకొని విగ్రహంలో కలిసిపోతుంది. కర్ణాటక కళాకారిణి షీలా గౌడ 2011లో చేసిన ‘ఆఫ్ ఆల్ పీపుల్’ వేరు దారి పట్టింది: అందులో పాత తలుపులు, కిటికీ చట్రాలు, వేలకొద్దీ చిన్న చెక్కబొమ్మలు ఉన్నాయి, తలుపు తలుపుగానే నిలిచింది. ఈ రెండో దారే కడప జిల్లాకు ఎక్కువగా నప్పుతుంది.

ఎందుకంటే ఇక్కడి పాత ద్వారబంధంలో చదవవలసింది చాలా ఉంది. గడప మీద పండగ పండగకూ పూసిన పసుపు చెక్క పొరల్లోకి ఇంకి ఉంటుంది. పై కమ్మికి మామిడాకుల తోరణం కోసం కొట్టిన మేకులు, పాతవి తుప్పు పట్టి, కొత్తవి వాటి పక్కనే, వరుసగా కనిపిస్తాయి. చేయి తగిలే ఎత్తులో చెక్క నున్నగా నల్లబడి ఉంటుంది. రంగు వేసినా, చిత్రిక పట్టినా ఇదంతా పోతుంది కాబట్టి, ఈ పద్ధతిలో కళాకారుడికి ఉండవలసిన మొదటి నేర్పు దేన్ని ముట్టుకోకూడదో తెలియడం.

గండికోట జలాశయం కింద కొండాపురం, తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు ముంపుకు గురైన ప్రాంతంలో, పాత చెక్క మీది గుర్తులను చెరపకూడదనే ఈ మాటకు బరువు మరింత పెరుగుతుంది. ముంపు ఊళ్లలో ఇల్లు ఖాళీ చేసేవారు తలుపులు, ద్వారబంధాలు ఊడదీసి వెంట తీసుకుపోవడం పరిపాటి; కొత్త ఇంటి కొలతలకు అవి సరిపడనప్పుడు గోడకు ఆనించి ఉండిపోతాయి. నీళ్ల కింద ఉన్న ఊరికి సంబంధించి చేతితో తాకగలిగేవి అవే. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయపు లలితకళల విభాగంతో పాటు 2020లో ఏర్పడిన ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం కూడా ఉన్నందున, అక్కడి విద్యార్థులు ఆ ఇళ్లకు వెళ్లి, ఏ తలుపు ఏ వీధిదో యజమానుల నోటనే విని రాసుకొని, వారి అనుమతితో ఆ కలపతో పని మొదలుపెట్టడానికి దూరాభారం కూడా లేదు.