అడుగు కనిపిస్తేనే ఈతకు!

ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ వైపు ఈతకొలను ఉన్న ఇళ్లూ, ఫామ్‌హౌస్‌లూ ఇప్పుడు కొత్తేం కాదు. ఎండ 45 డిగ్రీలు దాటే చోట పిల్లల్ని నీళ్లలోంచి బయటికి రప్పించడమే గగనం. వారం రోజులు ఊరెళ్లి వచ్చేసరికి ఆ నీళ్లు పచ్చబడి ఉంటే? ‘నాచే కదా, కాస్త బ్లీచింగ్ చల్లితే పోతుంది’ అని పిల్లల్ని దింపేయకండి.

మామూలు ఆకుపచ్చ నాచు ఒంటికి పెద్దగా హాని చేయదు. కానీ నాచు పట్టిందంటే నీళ్లలో క్లోరిన్ అయిపోయిందని అర్థం. విరేచనాలు, చెవిపోటు తెచ్చే సూక్ష్మజీవులకూ అడ్డు లేనట్టే. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. పచ్చటి నీళ్లలో మునిగిన బిడ్డ గట్టు మీదున్న మీకు కనిపించదు. అందుకే అడుగునున్న జాలీ పైనుంచి స్పష్టంగా కనిపించేదాకా ఎవరూ దిగొద్దు, ఈత వచ్చిన పెద్దలైనా సరే.

భద్రాచలం దారిలో, అడవి అంచున ఈ బెడద మరీ ఎక్కువ. టేకాకులు రాలడం, ఎండలు ముదరడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కుళ్లిన ఆకు నాచుకు ఎరువవుతుంది, ఉన్న క్లోరిన్‌నూ తినేస్తుంది. మిగిలింది ఎండకు పోతుంది. రోజూ వలతో ఆకులు తీయడం మందుల కంటే చవక.

నాచు పట్టాక ముందు చేతికి తీసుకోవాల్సింది బ్రష్షు. గోడలు, మెట్లు, మూలలు గట్టిగా రుద్దాలి. జిగురు పొర కింద ఉన్న నాచును మందు అందుకోలేదు. తర్వాత టెస్ట్ కిట్‌తో పీహెచ్ చూసి 7.2–7.6 మధ్యకు తేవాలి. అది 8 దాటితే క్లోరిన్ వేసినా సగానికి పైగా వృథానే. ఇక క్లోరిన్ మోతాదు. 40 వేల లీటర్ల కొలనుకు 33 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ సుమారు 1.2 కిలోలు పడుతుంది. ప్లాస్టిక్ బకెట్లో నీళ్లు పోసి, అందులో పొడిని కొద్దికొద్దిగా కలపండి. సున్నం అడుక్కి దిగాక పైతేటను సాయంత్రం పూట కొలనులో పోయండి. ఫిల్టరు రాత్రంతా ఆడనివ్వండి. తెల్లారేసరికి నీళ్లు తెల్లగా మసకబారితే నాచు చస్తున్నట్టే. ఇంకా పచ్చగానే ఉంటే మళ్లీ రుద్ది, మళ్లీ వేయాల్సిందే. అడుగు కనిపించి, క్లోరిన్ లీటరుకు 1–3 మిల్లీగ్రాములకు దిగాకే ఈత.

బ్లీచింగ్‌ను బాత్రూమ్ యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి. వెలువడే వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. పూల్ క్లోరిన్ బిళ్లలనూ అదే బకెట్లో వేయొద్దు, మంటలు లేవొచ్చు. కొందరు మైలుతుత్తం వేయమంటారు. మోతాదు తప్పితే గోడలకు మరకలు, జుట్టుకు పచ్చరంగు. ఇంట్లో ఆ ప్రయోగం అనవసరం.

చిన్నపిల్లల గాలి టబ్బుకు ఈ లెక్కలేవీ అక్కర్లేదు. ఆట అయిపోగానే నీళ్లు పారబోసి, కడిగి ఎండబెట్టండి. వానాకాలంలో కొలను వాడటం లేదని వదిలేస్తే మాత్రం దోమలకు ఇల్లు కట్టిచ్చినట్టే. మలేరియా, డెంగీ తిరిగే ప్రాంతం మనది.

ఒక్క జాగ్రత్త. క్లోరిన్ లేని గోరువెచ్చని నీళ్లు ముక్కులోకి పోతే అరుదుగా ఓ అమీబా మెదడుకు చేరుతుంది. 2024లో కేరళలో ఇలాంటి కేసులొచ్చాయి. ఈతకొట్టిన రెండు వారాల్లోపు పిల్లలకు జ్వరం, తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈత సంగతి మీరే ముందుగా డాక్టరుకు చెప్పండి.